దేవరగట్టు సీమలో గర్భిణుల ఆరోగ్యం, గర్భస్థ శిశు రక్షణ

కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, మంత్రాలయం ప్రాంతాల్లో కడుపుతో ఉన్న స్త్రీల ఆరోగ్యం, వారి గర్భంలోని బిడ్డల క్షేమం ఈ వ్యాసానికి విషయం. హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ, దాని మీద వెలసిన మాళ మల్లేశ్వరస్వామి గుడి, విజయదశమి రాత్రి అక్కడ జరిగే బన్ని ఉత్సవం ఈ సీమకు బయట పేరు తెచ్చాయి. ఆ రాత్రి కర్రల సమరంలో గాయపడ్డవారి లెక్క మరునాటి పత్రికల్లో వస్తుంది. ఇవే ఊళ్లలో రక్తం చాలక నీరసించే గర్భిణుల లెక్క మాత్రం ఏడాది పొడుగునా ఆరోగ్య ఉపకేంద్రాల రిజిస్టర్లలోనే ఉండిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో గత రెండు దశాబ్దాల్లో పెద్ద మార్పు వచ్చింది. నమూనా నమోదు సర్వే ప్రకారం 2018–20లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 కాగా రాష్ట్రంలో 45. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని కాన్పుల్లో 96.5 శాతం ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. అదే సర్వేలో మరో అంకె ఉంది. గర్భిణుల్లో రక్తహీనత 53.7 శాతం, అంతకు ముందరి సర్వేలో 52.9. కాన్పు ఆసుపత్రికి చేరింది గానీ తల్లి ఒంట్లో నెత్తురు పెరగలేదు. ఆసుపత్రి మెట్లెక్కేనాటికి బిడ్డ బరువు, బలం చాలావరకు తేలిపోయి ఉంటాయి కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. పడమటి కర్నూలులో ఈ కథకు ఇంకో ముడి కూడా ఉంది. వానాధారపు సాగు, దాని వెంట వచ్చే వలస ఇక్కడి ఏడాదిని రెండు ముక్కలు చేస్తాయి. రెండో ముక్కలో వైద్యం ఊళ్లో ఉంటుంది, గర్భిణి ఊళ్లో ఉండదు.

నేల, పని

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోది. సరిహద్దు ఊళ్లలో నేటికీ కన్నడం, తెలుగు కలిసే నడుస్తాయి. కష్టం వస్తే కర్నూలు కన్నా బళ్లారి దగ్గరని అటే బండి తిప్పేవారు చాలామంది. 1876–78 నాటి ధాత కరువు ఈ దత్తమండలాలను ఊడ్చేసినప్పుడు మరణాలు పెరగడంతో పాటు జననాలు కూడా పడిపోయాయి. తిండి లేని ఒంట్లో గర్భం నిలవడం కష్టమని ఈ నేల అప్పుడే చూసింది.

తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందిన ఊళ్లు కొన్ని. మిగతావన్నీ మబ్బు వైపు చూసేవే. పత్తి, బుడ్డలు (వేరుశనగ), జొన్న, కొర్ర, కంది, మిరప ఇక్కడి పంటలు. ఆదోని పత్తి మార్కెట్టుకూ జిన్నింగు మిల్లులకూ పేరు. ఎమ్మిగనూరు మగ్గాలకు పేరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ నేతగాళ్ల సహకార సంఘాన్ని నిలబెట్టారు. ఈ పనులన్నిటిలోనూ ఆడవాళ్ల చేతులే ఎక్కువ. కలుపు తీయడం, పత్తి ఏరడం, బుడ్డలు పెరకడం, మిల్లులో దూది దుమ్ము మధ్య నిలబడడం, మగ్గం పక్కన కండెలు చుట్టడం, ఇవన్నీ అయ్యాక బిందె ఎత్తుకుని నీళ్లకు పోవడం. గర్భం వచ్చినా ఈ వరసలో ఏదీ తనంతట తాను ఆగదు.

నెత్తురు

గర్భం నిలిచాక స్త్రీ శరీరంలో రక్తపు పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. నీటి భాగం వేగంగా, ఎర్రకణాలు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ఆరోగ్యవంతురాలిలో కూడా హిమోగ్లోబిన్ కొంత తగ్గుతుంది. మొత్తం గర్భకాలానికి అదనంగా కావలసిన ఇనుము సుమారు 1,000 మిల్లీగ్రాములు. బిడ్డకు, మాయకు, తల్లి కొత్త రక్తానికి, కాన్పులో పోయే రక్తానికి అంతా ఇందులోంచే. హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కన్నా తక్కువైతే తీవ్రం. 5 కన్నా పడిపోతే ఆసుపత్రిలో చేర్చవలసిందే.

తల్లికి నెత్తురు తక్కువైతే మాయకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టవచ్చు, నిండినా రెండున్నర కిలోలు తూగకపోవచ్చు. తల్లి వైపు ప్రమాదం మరీ పెద్దది. కాన్పులో అరలీటరు రక్తం పోయినా ఆరోగ్యవంతురాలు తట్టుకుంటుంది. ఆరు గ్రాముల హిమోగ్లోబిన్‌తో వచ్చినామెకు ఆ అరలీటరే ప్రాణాంతకం కావచ్చు.

ఇక్కడి తిండిలో ఇనుము లేదని చెప్పలేం. కొర్ర, రాగి, పుంటికూర, మునగాకు, బెల్లం అన్నీ ఉన్నాయి. కానీ ధాన్యాలు, ఆకుల్లోని ఇనుములో పదో వంతు కూడా ఒంటికి పట్టదు. అన్నం, రొట్టె తిన్న వెంటనే తాగే టీ ఆ కాస్తనూ అడ్డుకుంటుంది. నిమ్మకాయ, ఉసిరి, జామ పక్కన ఉంటే ఇనుము మెరుగ్గా పడుతుంది. మాంసం, చేప, కాలేయంలోని ఇనుము సులువుగా ఇంకుతుంది గానీ కూలి ఇంట్లో అవి వారానికోసారి మాట. ఉత్త కాళ్లతో పొలంలో తిరిగేవారికి కొంకి పురుగులు పట్టి పేగు గోడ నుంచి రక్తం లాగుతాయి. నాలుగో నెల దాటాక ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర దీనికోసమే.

రక్తం తగ్గిన ఒళ్లు దాన్ని ఒక వింత కోరికగా బయట పెడుతుంది. పచ్చి బియ్యం బొక్కడం, మట్టిపెళ్ల, సుద్ద, బడిపిల్లల బలపాలు కొరకడం మన ఊళ్లలో ఎంత మామూలంటే, కిరాణా కొట్టువాళ్లు గర్భిణికి బలపాలు అడక్కుండానే ఇస్తారు. ఇంట్లోవాళ్లు వేవిళ్ల కోరికని ముచ్చటగా తీసుకుంటారు. చాలాసార్లు అది ఇనుము లోపానికి గుర్తు. బలపం కనిపించిన ఇంట్లో హిమోగ్లోబిన్ పరీక్ష వెంటనే చేయించాలి.

గర్భిణుల రక్తహీనతకు మందు దొరికిన దారిలో మన దేశానికీ, తెలుగువారికీ చోటుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి వచ్చి, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే ఒక తీవ్రమైన రక్తహీనతను పరిశోధించారు. పేదరాలి తిండికీ ఆ జబ్బుకూ ఉన్న లంకెను పట్టుకుని, చవకైన ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రచురించారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలోనూ ఆమె పనిచేశారు. ఈస్టులోని ఆ పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లే బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులు ఇద్దరిని కొద్ది రోజుల తేడాతో బలిగొన్న స్ప్రూ వ్యాధిలోనూ ఫోలేటు లోపం ఉంటుంది. కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఆ మరుసటేడు, 1970లో, గర్భిణులకు ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం మొదలైంది. మిల్లు కార్మికురాలి నెత్తురు చుక్క నుంచి మొదలైన ఈ విజ్ఞానం అలాంటి మిల్లులే ఉన్న ఆదోనిలో ఇంకా పూర్తిగా ఫలించకపోవడం బాధ కలిగించే విషయం.

మాత్ర దొరకకపోవడం నేడు ప్రధాన సమస్య కాదు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఎర్ర మాత్రను నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. తీసుకున్న మాత్రలు గూట్లో ఉండిపోతాయి. కడుపులో తిప్పడం, మలబద్ధకం, మలం నల్లగా రావడం చూసి భయపడతారు. నల్లగా రావడం ఇనుము లక్షణమే, హాని లేదు. రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకుంటే వికారం తగ్గుతుంది. 14వ వారం నుంచి రోజుకు రెండు ఇచ్చే 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రను దీనితో కలిపి మింగితే ఇనుము సరిగా పట్టదు. రెంటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మాత్ర వల్ల బిడ్డ నల్లగా పుడుతుందని, మరీ పెద్దదైపోతుందని వినిపించే మాటల్లో నిజం లేదు. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరగనివారికి, నెలలు దగ్గరపడ్డాక రక్తం తక్కువని తేలినవారికి ఐరన్ సుక్రోజ్ వంటి ఇంజెక్షన్లు సెలైన్ ద్వారా ఎక్కిస్తారు.

తెలియకముందే గడిచే రోజులు

బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోగా మూసుకుంటుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకే ఆ పని అయిపోతుంది. నీళ్లోసుకుందని అత్తకు చెప్పి, ఆశా కార్యకర్తకు కబురు చేరి, పేరు రాయించుకునేసరికి మూడో నెల వస్తుంది. అప్పుడు మొదలుపెట్టిన ఫోలిక్ ఆమ్లం రక్తానికి పనికొస్తుంది, వెన్నుపాముకు పనికిరాదు. ఏడు దేశాల్లో జరిపి 1991లో ప్రకటించిన బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనంలో, అంతకు ముందు ఇలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం వాడితే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. బిడ్డ కావాలనుకున్న ప్రతి స్త్రీ గర్భానికి కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలి. ముందు కాన్పులో వెన్ను లోపం చూసినవారికి దాదాపు పది రెట్ల మోతాదును వైద్యులు రాస్తారు.

మేనరికాలు మన ఇళ్లలో నేటికీ ఉన్నాయి. మేనమామను, మేనబావను చేసుకున్నవారికి పుట్టే బిడ్డల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. అయినా పుట్టు చెవుడు, కొన్ని జన్యు వ్యాధుల ముప్పు బయటి సంబంధాల కన్నా ఎక్కువ. కుటుంబంలో ఇదివరకే అలాంటి బిడ్డ ఉంటే గర్భానికి ముందే జన్యు సలహా తీసుకోవాలి, 18–20 వారాల స్కానింగును వదులుకోకూడదు.

బాల్య వివాహం సంగతి ఇంకా కఠినం. రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారని 2019–21 సర్వే చెప్పింది. వలస వెళ్లే తల్లిదండ్రులు వయసొచ్చిన పిల్లను ఊళ్లో ఒంటరిగా ఉంచలేక పెళ్లి చేసేస్తారు. పదహారేళ్ల ఒళ్లు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, ఎముకకూ రక్తానికీ తానే అడుగుతుంటుంది. గర్భం వస్తే తల్లీ బిడ్డా ఒకే పళ్లెం కోసం పోటీ పడతారు. గుర్రపువాతం అనే మూర్ఛలు, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, అన్నీ ఈ వయసులో ఎక్కువ. చట్టానికి భయపడి ఇలాంటి గర్భాన్ని దాచే కుటుంబాలున్నాయి. దాచిన గర్భానికి పరీక్ష లేదు, మాత్ర లేదు. బడిలో ఆడపిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర గర్భస్థ శిశు రక్షణలో మొదటి మెట్టని ఉపాధ్యాయులు గ్రహిస్తే చాలా మేలు.

రుబెల్లా టీకా కూడా గర్భానికి ముందు మాటే. తొలి నెలల్లో ఈ జ్వరం వస్తే బిడ్డకు కంటిలో శుక్లాలు, గుండె లోపాలు వస్తాయని ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో గుర్తించారు. టీకా వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

పళ్లెంలో ఏముండాలి

గర్భిణికి ఇద్దరి తిండి అక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి లెక్కలో రోజుకు అదనంగా కావలసింది దాదాపు 350 కిలోకేలరీలు. చివరి మూడు నెలల్లో ప్రోటీను రోజుకు 22 గ్రాములు ఎక్కువ. పడమటి కర్నూలు వంటింటి భాషలో అది ఇంకో జొన్న రొట్టె, గరిటెడు పప్పు, గుడ్డు, గ్లాసు పాలు, గుప్పెడు బుడ్డలు. బుడ్డల పొడి, శనగల గుగ్గిళ్లు, రాగి జావ, కొర్రన్నం, మునగాకు పప్పు ఇక్కడ దొరికేవే, చవకైనవే. పొద్దున ఉగ్గాని, రాత్రి చారన్నంతో సరిపెట్టుకునే ఇంట్లో పప్పూ గుడ్డూ చేరితేనే తేడా వస్తుంది.

ఇందుకు అడ్డొచ్చేది పేదరికం ఒక్కటే కాదు. బిడ్డ పెద్దదైతే కానుపు కష్టమని చివరి నెలల్లో కోడలికి అన్నం తగ్గించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కడుపు నిండా తింటే బిడ్డకు చోటుండదన్న మాట పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. బిడ్డ ఉండేది గర్భసంచిలో. అన్నం వెళ్లేది జీర్ణాశయానికి. ఒకేసారి తినలేకపోతే ఐదారు సార్లు కొద్దికొద్దిగా తినాలి. బాగా పండిన బొప్పాయి వల్ల హాని లేదు. పచ్చి బొప్పాయిని దాని పాల కారణంగా మానుకోవడం మంచిదే. కుంకుమపువ్వు బిడ్డ రంగును మార్చదు. గ్రహణం వేళ కత్తిపీట పట్టినందుకు మొర్రి రాదు, కానీ ఆ నమ్మకంతో గర్భిణిని గంటల తరబడి నీళ్లు కూడా ఇవ్వకుండా గదిలో కూర్చోబెట్టడం నిజంగా హాని.

పండుగల సంగతీ చెప్పుకోవాలి. దేవరగట్టు ఉత్సవానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు కంకణం కట్టి మద్యమాంసాలు ముట్టకుండా నిష్ఠగా ఉంటారు. ఆ రోజుల్లో గర్భిణి పళ్లెంలో పప్పు, పాలు, పెరుగు, బుడ్డలు పెంచితే నిష్ఠకూ బిడ్డకూ లోటుండదు. ఆదోనిలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. రంజాన్ ఉపవాసాన్ని గర్భిణి వాయిదా వేసుకునే వెసులుబాటు ఇస్లామీయ ధర్మశాస్త్రంలోనే ఉంది. మత పెద్దల నోట ఈ మాట వస్తే డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

గర్భంలో అందిన తిండి బిడ్డను ఎంత దూరం వెంటాడుతుందో చూపిన పరిశోధన తెలుగు నేల మీదే జరిగింది. 1987–90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 ఊళ్లను జాతీయ పోషకాహార సంస్థ ఎంచుకుంది. పదిహేను ఊళ్లలో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందింది. పద్నాలుగింటికి ఆ పథకం అప్పటికి రాలేదు. బిడ్డల జనన బరువులో తేడా దాదాపు 61 గ్రాములే. పరిశోధకులు ఆ పిల్లలను 13–18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు, వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. 1944–45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్ తల్లులు కన్న బిడ్డలకు పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరగడాన్ని గమనించినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. అక్కడ యుద్ధం తిండి ఆపింది. ఇక్కడ గిన్నెడు ఉప్మా లాంటి ఆహారం పదిహేనేళ్ల తరువాత లెక్కకొచ్చింది.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నేడు అంగన్‌వాడీలు గర్భిణులకు గుడ్లు, పాలు, బియ్యం, పప్పు, నూనె, రాగిపిండి, చిక్కీ వంటివి ఇస్తాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది. 2013లో ఉమ్మడి రాష్ట్రం అమృతహస్తం పేరిట కేంద్రంలోనే కూర్చోబెట్టి ఒక పూట భోజనం పెట్టడం మొదలుపెట్టింది. ఇంటికిచ్చిన గుడ్లు పిల్లలకూ మగవాళ్లకూ పంచుకుపోతాయి. అక్కడే తిన్న అన్నం గర్భిణికే చెందుతుంది. ఈ ఒక్క కారణంతో కేంద్రంలో వడ్డించే పద్ధతే మేలని చెప్పాలి.

సుగ్గి

ఖరీఫ్ పంట చేతికొచ్చీ రాకుండానే, దసరా దీపావళి దాటాక, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, మంత్రాలయం మండలాల ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతకు, బెంగళూరు, హైదరాబాదు కట్టడం పనులకు, కర్ణాటక, తెలంగాణ పత్తి చేలకు కుటుంబాలు కుటుంబాలే లారీలు, టెంపోలు, ఆటోలు ఎక్కి పోతాయి. దీన్నే సుగ్గికి పోవడం అంటారు. ఉగాదికి తిరిగొస్తారు. మిరప కోతలో కూలి కాయల తూకాన్ని బట్టి కాబట్టి చేతులు ఎక్కువున్న కుటుంబానికి ఆదాయం ఎక్కువ. గర్భిణి అయినా వెళ్తుంది. ఊళ్లో ఒంటరిగా ఉంటే ఆమెకు తోడెవరు?

మూడొందల కిలోమీటర్లకు పైబడిన రాత్రి ప్రయాణం, చేల గట్టున గుడారం, పొద్దంతా నడుము వంచి కోత, మందు కొట్టిన ఆకుల మధ్య ఒట్టి చేతులు, ఘాటుకు ఆగని దగ్గు. మరుగుచోటు లేక నీళ్లు తాగడం తగ్గిస్తారు, మూత్రం ఆపుకుంటారు. ఫలితంగా వచ్చే మూత్రనాళపు ఇన్ఫెక్షన్ పైకి మంటగానైనా తెలియకుండా ఉండి నెలలు నిండని కాన్పుకు దారితీయవచ్చు. పురుగుమందు కొట్టిన చేలోకి గర్భిణి వెంటనే దిగకూడదు. చేతులు సబ్బుతో కడగకుండా అన్నం ముట్టకూడదు, ఆ బట్టలు విడిగా ఉతకాలి. మందు కలపడం, డబ్బాలు కడగడం ఆమె చేయకూడని పనులు. మొదటి మూడు నెలల్లోనూ చివరి రెండు నెలల్లోనూ ఇలాంటి ప్రయాణమే వద్దని చెప్పడం సబబు. కానీ ఇంటి అప్పు ముందు ఈ సలహా నిలవదు. అందుకే వెళ్లేవారితో పాటు వైద్యం కూడా వెళ్లేలా చూడడమే పనికొచ్చే దారి.

అందుకు సాధనాలు ఉన్నవే. ఊరు విడిచే ముందు హిమోగ్లోబిన్, రక్తపోటు చూపించుకోవాలి. ఉండబోయే నెలలకు సరిపడా మాత్రలు ఏఎన్ఎం దగ్గర అడిగి తీసుకోవాలి. తల్లీబిడ్డ రక్షణ కార్డు మూటలో కాదు, ఒంటి మీద సంచిలో ఉండాలి. ఆ కార్డు, అందులోని నమోదు సంఖ్య దేశంలో ఎక్కడైనా చెల్లుతాయి. గుంటూరు జిల్లా పీహెచ్‌సీలోనైనా, బెంగళూరు ప్రసూతి ఆసుపత్రిలోనైనా పరీక్ష, టీకా, కాన్పు ఉచితం. ఈ మాట మేస్త్రీలకు తెలిసి ఉండడం మరీ ముఖ్యం. కూలీలను తీసుకుపోయే మనిషికి దగ్గరి ఆసుపత్రి ఎక్కడో తెలియాలి, గర్భిణి ఎవరో తెలియాలి. రెండు చివరల ఆశా కార్యకర్తల మధ్య ఒక్క ఫోను పిలుపు జరిగితే మధ్యలో జారిపోయే గర్భాలు ఎన్నో దొరుకుతాయి.

ఎండ, పొగ, సూది

వలస నుంచి తిరిగొచ్చేసరికి ఎండలు ముదురుతాయి. కర్నూలు వేసవి 40 డిగ్రీలు దాటడం ఏటా మామూలే. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు తమిళనాడులో 800 మంది గర్భిణులను గమనించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రమైన వేడిలో పనిచేసినవారికి గర్భస్రావం ముప్పు దాదాపు రెట్టింపుగా తేలింది. ఉపాధి హామీ పని పొద్దున్నే ముగించడం, నీడ, నీళ్లు, మజ్జిగ, ఉప్పు కలిపిన గంజి గర్భిణికి మందుతో సమానం.

కట్టెల పొయ్యి పొగకూ, ఇంట్లో ఇతరులు తాగే బీడీ పొగకూ బిడ్డ బరువు తగ్గడంతో సంబంధం ఉంది. ఖైనీ, గుట్కా, పొగాకు పెట్టిన ఆకువక్క కూడా అంతే. కల్లు, సారా ఏ నెలలోనూ సురక్షితం కావు.

నడుం నొప్పికో జ్వరానికో ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం ఇక్కడి అలవాటు. కొన్ని నొప్పి మందులు ఐదో నెల దాటాక బిడ్డ మూత్రపిండాలకు, ఉమ్మనీటికి చేటు. కొన్ని యాంటీబయాటిక్‌లు బిడ్డ పళ్లను, ఎముకలను దెబ్బతీస్తాయి. నొప్పులు త్వరగా రావాలని ఇంట్లోనే వేయించే సూది గర్భసంచి చిరగడానికి, బిడ్డకు ప్రాణవాయువు ఆగడానికి కారణం కావచ్చు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ముందు వాడదగినది, జ్వరం నిలిస్తే ఆసుపత్రికి పోవాలి. మూర్ఛ, థైరాయిడ్, షుగరు మందులు ముందు నుంచి వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. డాక్టరు మార్చవలసినవి మారుస్తారు.

పరీక్షలు, ప్రమాద సంకేతాలు

ప్రభుత్వ లెక్కలో గర్భిణి కనీసం నాలుగుసార్లు చూపించుకోవాలి: పన్నెండు వారాల్లోపు, 14–26 వారాల మధ్య, 28–34 మధ్య, 36 దాటాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఎనిమిది సార్లు అంటోంది. అదే ఏడు మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యులు గర్భిణులను ప్రత్యేకంగా చూస్తారు. హిమోగ్లోబిన్, రక్తపోటు, బరువు, మూత్రంలో ప్రోటీను, రక్తం గ్రూపు, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్–బి చూడాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే షుగరు పరీక్ష మొదటిసారి, మళ్లీ 24–28 వారాల్లో చేయాలి. 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గర్భకాలపు మధుమేహం. హెచ్‌ఐవీ ఉన్న తల్లి మందులు క్రమంగా వాడితే బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపవచ్చు. ధనుర్వాతం టీకా రెండు మోతాదులు నెల తేడాతో వేయించాలి. ఈ టీకా, ఆసుపత్రి కాన్పు కలిసి పసికందుల ధనుర్వాతాన్ని తగ్గించబట్టే 2015లో భారతదేశం దాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది.

పల్లెల్లో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది రక్తపోటు. ఇరవై వారాలు దాటాక 140/90కి చేరితే జాగ్రత్త మొదలవ్వాలి, 160/110 అయితే అది అత్యవసరం. కాళ్ల వాపు గర్భంలో మామూలేనన్న మాట కొంత నిజమే. కానీ ముఖం, చేతులు ఉబ్బడం, ఆగని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, రొమ్ము కింద నొప్పి కలిసి వస్తే అది గుర్రపువాతానికి ముందు గుర్తు. మూర్ఛలు మొదలయ్యాక గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తూ గడిపిన గంట తల్లీబిడ్డలిద్దరినీ తీసుకుపోగలదు. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఆ మూర్ఛను ఆపుతుంది, ఆసుపత్రికి చేరితే చాలు.

రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, తగ్గని జ్వరం, బిడ్డ కదలిక తగ్గడం, ఇవి తెల్లారేదాకా ఆగవలసినవి కావు. అన్నం తిని ఎడమ వైపు తిరిగి పడుకుని గమనిస్తే రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలి.

ఆసుపత్రి దారి

108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, రక్తం, మందులు, భోజనం, రానూపోనూ ప్రయాణం పూర్తిగా ఉచితం. హొళగుంద, ఆలూరు వైపు ఊళ్లకు ఆదోని ఆసుపత్రి దగ్గరి దిక్కు. అక్కడ కుదరకపోతే వంద కిలోమీటర్ల దూరంలోని కర్నూలు పెద్దాసుపత్రికో, బళ్లారికో పంపుతారు. తీవ్ర రక్తహీనత, కవలలు, ముందు సిజేరియన్, రక్తపోటు ఉన్నవారిని నొప్పులు మొదలయ్యాక ఊరి నుంచి ఊరికి తిప్పడం కన్నా, తేదీకి వారం పది రోజుల ముందే రక్తనిధి ఉన్న పట్టణంలో ఉంచడం మంచిది. రక్తం ఇచ్చే ఇద్దరు బంధువులను ఎనిమిదో నెలలోనే చూసిపెట్టుకోవాలి. విజయదశమి రాత్రి దేవరగట్టు దారులు జనంతో, పోలీసు బందోబస్తుతో నిండిపోతాయి; గాయపడ్డవారు ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు చేరుతుంటారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ వారం తేదీ ఉన్న గర్భిణిని ఒకట్రెండు రోజుల ముందే ఆదోనికి చేర్చాలి. ఉత్సవపు తోపులాటలోకి కడుపుతో ఉన్నామె వెళ్లకూడదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకుపోతారు. కార్డు, స్కానింగు కాగితాలు అత్తింట్లోనే మిగిలిపోయి, పుట్టింటి ఊళ్లో పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలవుతుంటాయి. గాజులు, చీరతో పాటు ఆ కాగితాల సంచి కూడా ఒడిలో పెట్టాలి.

కాన్పు తరువాత పథ్యం పేరుతో బాలింతకు ఆకుకూర, పప్పు, నీళ్లు తగ్గించే పద్ధతి వచ్చే గర్భానికి కూడా చేటే. పోయిన రక్తం తిరిగి చేరడానికి, ఎముక గట్టిపడడానికి సమయం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ప్రకారం ఒక కాన్పు తరువాత కనీసం 24 నెలలు ఆగి మరో గర్భం ధరించాలి. ఎర్ర మాత్రలు ఆరు నెలలు కొనసాగాలి. సుగ్గి నెలలు మళ్లీ వచ్చేసరికి చాలామంది బాలింతలు చంటిబిడ్డతో, ఆ మాత్రలు సగంలో వదిలేసి లారీ ఎక్కుతారు. కాన్పు రోజున డిశ్చార్జి కాగితంతో పాటే ఆరు నెలల మాత్రలు, కుటుంబ నియంత్రణ సలహా, తరువాతి టీకా తేదీ తల్లి చేతికివ్వడం ఆదోని, ఎమ్మిగనూరు వంటి వలస ప్రాంతాల్లో అన్నిటికన్నా ముందు అమలు కావలసిన పని.